‘అబాండన్డ్’ అని రాసింది నేనే

మాదాపూర్‌లో ఇరవై రెండేళ్లు ఏం పని చేశారని ఎవరైనా అడిగితే, గతం గురించి ఇంగ్లీషులో అబద్ధాలు దొర్లకుండా చూశానని చెబుతుంటాను. అది సగమే నిజం. కొన్ని అబద్ధాలు నా చేతి మీదుగానే వెళ్లాయి. ఒకటి స్వయంగా నేనే రాశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చేసి, ఏ డిక్షనరీ వాడాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పాల్సింది అది కాదనిపించి ఇది రాస్తున్నాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. మాటలు మాత్రం మార్చలేదు.

మాది ఇతరుల కోసం ఇంగ్లీషు రాసిపెట్టే కంపెనీ. హోటళ్ల కథలు, కంపెనీల చరిత్రలు, బిల్డర్ల బ్రోచర్లు, మ్యూజియం బోర్డులు, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల పాఠాలు, ఏది కావాలంటే అది. మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే వచ్చే భవనంలో ఆరో అంతస్తు. కిటికీ పక్కన నా బల్ల. దాన్ని అందరూ ‘పాస్ట్ డెస్క్’ అనేవాళ్లు. పాతకాలం గురించిన వాక్యం ఏ కాగితంలో ఉన్నా నేను చూడకుండా బయటికి వెళ్లకూడదని నియమం. కొత్తవాళ్లకు ఆ మాటలు నేర్పడం కూడా నా పనే. ఈరా అంటే ఏమిటి, ఏజ్ అంటే ఏమిటి, డికేడ్‌కీ సెంచరీకీ మధ్య ఎన్ని తరాలు పడతాయి, ‘యూజ్డ్ టు’ ఎక్కడ వాడాలి, ఇలాంటివి.

నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో దీన్ని జబ్బు అంటారు. పాలవాడు ‘ఇప్పుడే పితికినవి’ అన్నా ఎప్పుడు అని అడుగుతానట. ఈ ఉద్యోగానికి ఆ జబ్బే అర్హత అనుకునేదాన్ని.

మూర్తి గారి మూడు ప్రశ్నలు

నన్ను పనిలో పెట్టుకున్నది మూర్తి గారు. అంతకుముందు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్రపెన్ను. నన్ను చేర్చుకున్న వారంలోనే ఒక మిఠాయి కొట్టువాళ్ల కాగితం నా ముందు పెట్టారు. అనాదిగా వస్తున్న రుచి అని దాని తాత్పర్యం. ఇంగ్లీషు చక్కగా ఉందని టిక్కు పెట్టాను.

"కొట్టు ఎప్పుడు తెరిచారో అడిగావా?" అన్నారు.

ఫోన్ చేశాను. యజమాని చాలా మర్యాదగా, "నాలుగేళ్లయిందండి. వంటాయన మాత్రం పాతవాడేనండి, ఆరేళ్ల నుంచి ఈ పనిలోనే ఉన్నాడు" అన్నాడు.

మూర్తి గారు నవ్వలేదు. "చూడమ్మా, గతం గురించి చెప్పే ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడుగు. ఎప్పుడు? ఎవరు? నీకెలా తెలుసు? మూడింటికీ జవాబు లేకపోతే ఆ వాక్యం ఎంత బాగున్నా కొట్టెయ్. బాగున్న వాక్యాన్ని మరీ అనుమానించు" అన్నారు.

ఆయన పద్ధతి నాకు బాగా పట్టుబడింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పరిచయంలో మా కొత్త అమ్మాయి ‘మా లెగసీ మాకు గర్వకారణం’ అని రాస్తే నేనే ఆపాను. ఆ అమ్మాయి దృష్టిలో లెగసీ అంటే పెద్దలు ఇచ్చిపోయిన వారసత్వం. ఈ హైటెక్ సిటీ ఆఫీసుల్లో లెగసీ అంటే ఎవరికీ అర్థంకాని, ఎవరూ తీసే ధైర్యం చెయ్యని పాత సిస్టమ్. అది అలాగే వెళ్లుంటే ఆ కంపెనీ వాళ్లు కేకలేసేవాళ్లే. ‘ఏన్షియెంట్’ కనిపిస్తే ఎన్నేళ్లని అడిగేదాన్ని. ‘హెరిటేజ్’ కనిపిస్తే ఎవరిదని అడిగేదాన్ని. కొందరు క్లయింట్లు నా పేరు వింటేనే విసుక్కునేవాళ్లు. ఆ విసుగు చూసి నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది. పెన్ను నాదే కదా, నేనెందుకు తప్పు చేస్తాననుకున్నాను.

కోకాపేట కాగితం

మూర్తి గారు రిటైరై వెళ్లిన చాలా ఏళ్లకు, నా ఉద్యోగం ఇంకో రెండేళ్లుందనగా, ఒక బిల్డర్ కంపెనీ పని వచ్చింది. కోకాపేట వైపు, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, ఎత్తైన టవర్లు కడుతున్నారు. స్థలంలో పాత రాతి బావి ఒకటి, కూలిన గోడ ఒకటి ఉన్నాయి. వాటిని అలాగే ఉంచి చుట్టూ పచ్చిక వేస్తున్నామని, ఆ చోటుకి చిన్న చరిత్ర రాసిపెట్టమని అడిగారు. మూడు ఫోటోలు పంపారు. కింద ఒక ముక్క: ఇక్కడి ఊరు ఎప్పుడో ఖాళీ అయింది.

ఫోటోలు అందంగా ఉన్నాయి. నాచు పట్టిన రాయి, సాయంత్రపు ఎండ. ఆ రోజు నేను మంచి ఊపు మీద ఉన్నాను. ఒక్క పెట్టున వాక్యం వచ్చేసింది. దాని భావం తెలుగులో చెప్పాలంటే ఇది: ‘ఏనాడో విడిచిపెట్టిన ఒక ప్రాచీన జనావాసపు శిథిలాలు.’ ఇంగ్లీషులో ‘ఏన్షియెంట్’, ‘లాంగ్ అబాండన్డ్’, ‘రూయిన్స్’, మూడూ ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చున్నాయి. నేనే రెండుసార్లు పైకి చదువుకున్నాను.

మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడగలేదు. తీరిక లేక కాదు. వాక్యం నాకు నచ్చింది, అంతే.

మా మేనేజరు కిషోర్‌కి కూడా నచ్చింది. రాజమండ్రి కుర్రాడు, వయసులో నాకంటే చాలా చిన్న, చురుకైనవాడు. మంచి రాతకు నమూనా అని ఆ పేజీని ఫోటోతో సహా పెద్దగా ప్రింటు తీయించి, కాఫీ మెషిన్ పక్క గోడకి అతికించాడు.

"గిది మా బాయి"

మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే సత్తెమ్మకి యాభై ఏళ్లుంటాయి. మూసాపేట నుంచి వచ్చేది. పనిలో ఉన్నంతసేపూ ఎక్కువ మాట్లాడదు. ఒకరోజు మధ్యాహ్నం నేను కాఫీ తీసుకుంటుంటే ఆమె ఆ గోడ ముందు గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడిపోయి ఉంది.

"మేడం, గీ ఫోటో మీకాడికి ఎట్లొచ్చింది?" అంది.

"ఎందుకు?"

"గిది మా బాయి. మా తాత తవ్విండు."

నేను ముందు నమ్మలేదు. ఆ బిల్డర్ పని కోసం ఇంకో కంపెనీ కూడా పోటీ పడిందని నాకు తెలుసు. పని చెడగొట్టడానికి ఈమెను ఎవరో పంపారేమో అనుకున్నాను. ఎంత దూరం ఆలోచించానో చూడండి. ఎనిమిదేళ్లుగా నా బల్ల తుడిచే మనిషిని గూఢచారిని చేశాను.

"రాతి బావులన్నీ ఒకేలా ఉంటాయి సత్తెమ్మా" అన్నాను.

"మనిషికి మనిషి ఒక్కతీరు ఉంటడా మేడం? లోపట మూడో మెట్టు మీద మా అన్న పేరు చెక్కిండు. నర్సింలు అని. సున్నా పెట్టుడు మర్చిపోయిండు. మా నాయన మస్తు తిట్టిండు."

ఆ తరవాత కాగితం వైపు చూపించి, "ఇంగ్లీషుల ఏమని రాసిన్రు?" అని అడిగింది.

చదివి చెప్పాను. ‘ఏన్షియెంట్’ దగ్గర ఆపింది. వేల ఏళ్ల కిందటిది అని అర్థం చెప్పాను. "మా తాతకు గన్నేండ్లా!" అని కొంచెం నవ్వింది. ‘అబాండన్డ్’ దగ్గర మళ్లీ ఆపింది.

"అంటే వదిలేసి వెళ్లిపోయారని."

"ఎవలు వదిలేసిన్రు?"

సత్తెమ్మ గొంతు పెంచలేదు. "మేం ఇడిసిపెట్టలే మేడం. ఏడు ఇండ్లుండె మావి. రాతి గుండ్లు పేలుస్తున్నం, రాళ్లు ఇండ్ల మీద పడ్తయి, రెండు నెల్లు జర పక్కకు పోండ్రి అన్నరు గా జాగ కొన్నోళ్లు. పోయినం. మల్ల వచ్చేటాల్లకు చుట్టూ రేకులు కొట్టిన్రు. ఇండ్లు లెవ్వు. మా నాయనను ఆడనే బొంద పెట్టినం. పెత్రమాస నాడు దీపం పెట్టనీకి పోతే రెండేండ్ల సంది లోపటికి రానిస్తలేరు" అంది.

మళ్లీ గోడ మీది కాగితం వైపు చూసి అడిగింది. "ఎళ్లిపోయినోళ్లకు ఒక మాట, ఎళ్లగొట్టినోళ్లకు ఒక మాట... ఇంగ్లీషుల లేవా?"

"ఉన్నాయి" అన్నాను. "ఉన్నాయి సత్తెమ్మా."

మూడో మెట్టు

అయినా నా అనుమానం చావలేదు. ఆదివారం ఆమెతో కలిసి కోకాపేట వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆమెకు సాయం చెయ్యడానికి కాదు, మెట్టు మీద పేరు లేదని తేల్చుకోవడానికి వెళ్లాను. ఆ పేరు లేకపోతే నా వాక్యం బతుకుతుంది.

గేటు దగ్గర యాదయ్య అనే సెక్యూరిటీ ఆయన సత్తెమ్మను చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు. పాలమూరు మనిషి. కోపిష్టి కాదు, ఇబ్బంది పడుతున్నాడు. "మల్ల వచ్చినవా అక్కా? నా నౌకరీ పోతది. గా బోర్డు జూడు, ఈడ ఎవ్వలు లేకుండె అని ఇంగ్లీషుల రాసుందంట. ఎవలన్న వస్తే అదే చూపెట్టుమన్నరు సార్లు."

నల్లరాతి పలక, బంగారు రంగు అక్షరాలు. నా వాక్యమే. ఒక్క కామా కూడా మారలేదు.

నేను రాసింది బ్రోచర్ కోసం అనుకున్నాను. ఇక్కడ దాన్ని తాళంలా వాడుతున్నారు. యాదయ్యకి నా ఆఫీసు కార్డు చూపించి, ఈ బోర్డు రాసింది నేనే, తప్పులున్నాయేమో చూసుకోవడానికి వచ్చానని చెప్పాను. అది అబద్ధమూ కాదు. పది నిమిషాలు ఇచ్చాడు.

బావి మీద ఇనుప జాలీ వేసి ఉంది. వంగి చూస్తే మెట్లు కనిపిస్తున్నాయి. సత్తెమ్మ వేలు పెట్టి చూపించింది. మూడో మెట్టు అంచున వంకర అక్షరాలు: నర్సిలు.

మాకు పంపిన మూడు ఫోటోల్లోనూ ఆ మెట్టు లేదు. కావాలని తప్పించారో, వెలుతురు అటు పడలేదో నాకు ఈ రోజుకీ తెలియదు. నేనైతే కావాలనే తప్పించారనుకుంటున్నాను.

బావికి వెనక, కాగితం పూల మొక్కల మధ్య, ఐదారు రాళ్ల కుప్పలున్నాయి. పక్కన చిన్న బోర్డు: రాక్ గార్డెన్. సత్తెమ్మ చెప్పులు విప్పి రెండో కుప్ప దగ్గర కూర్చుంది. రాళ్ల మధ్య మొలిచిన గడ్డి పీకడం మొదలుపెట్టింది. మిగిలిన ఐదు నిమిషాలూ గడ్డి పీకుతూనే ఉంది. నేను నిలబడి చూశాను.

ఆ పది నిమిషాల్లో నాకు అర్థమైంది ఇదే. అన్నాళ్లూ నేను మనుషుల్ని అనుమానించాను, వాక్యాన్ని నమ్మాను.

కిషోర్

సోమవారం పొద్దున్నే కిషోర్ గదికి వెళ్లి, ఆ రాతను వెనక్కి తీసుకోవాలన్నాను.

"క్లయింట్ ఓకే చేసేశారు కదండి. రాతి మీద చెక్కించేశారు కూడా. ఇప్పుడు మనం కెలకడం దేనికండి?"

"తప్పు రాశాను కిషోర్."

"పోనీ ‘అబాండన్డ్’ తీసేసి ‘వేకేటెడ్’ పెడదామండి. ఖాళీ చేశారని. మెత్తగా ఉంటుంది."

"ఎవరు ఖాళీ చేయించారో అందులోనూ లేదు. మాట మెత్తనైతే అబద్ధం పోదు."

అతను తల పట్టుకున్నాడు. సత్తెమ్మ అన్న నర్సింలు ఊరివాళ్ల తరఫున రెవెన్యూ ఆఫీసులో అర్జీ పెట్టాడని, దానికి జవాబుగా బిల్డర్లు నా పేజీని జతచేశారని కిషోర్ మాటల్లో అప్పుడు బయటపడింది. ‘భాషా నిపుణులు తయారుచేసిన స్థల చరిత్ర’ అని పైన రాశారట. చరిత్ర మీద నాకు ఏ నైపుణ్యమూ లేదు. స్పెల్లింగు వచ్చు, అంతే.

అక్కడ ఇళ్లుండేవన్న సంగతి కిషోర్‌కి ముందే తెలుసని నేను గట్టిగా అనుకున్నాను. నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. ఐదో రోజు అతనే నా బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం పెట్టాడు. క్లయింటు నుంచి మొదట వచ్చిన ఫైళ్లన్నీ వెతికాడట. స్థలం కొలిచినప్పుడు రాసుకున్న నోట్ పొరపాటున వాటిలో కలిసి వచ్చింది. నాకు పంపేటప్పుడు అనవసరం అనుకుని అతనే దాన్ని పక్కన పెట్టేశాడు. అందులో ఒక లైను: ఏడు ఇళ్లు తొలగించబడినవి, బావి, సమాధులు ఉన్నవి.

"నేను చదవకుండానే పక్కన పెట్టానండి, ఒట్టు. ఇది మీ దగ్గర ఉండాలి. నా పేరు మాత్రం చెప్పకండి, ఇంట్లో చిన్నపిల్ల ఉందండి" అన్నాడు.

అతని విషయంలోనూ నేను పొరపాటు పడ్డాను. ఆ కాగితం లేకపోతే మిగతా కథ ఇలా ఉండేది కాదు. తరవాత అతనే ఉద్యోగం మారాడు. ఇప్పుడు ఇది రాస్తానని చెబితే, "పర్లేదండి, రాయండి" అన్నాడు.

కొత్తవాళ్లు ఆ లైనును జాగ్రత్తగా చూడాలి. ‘తొలగించబడినవి’. ఎవరు తొలగించారో అందులో కూడా లేదు. ఇంగ్లీషులో పాసివ్ వాయిస్ నేర్పేటప్పుడు చేసినవాడి పేరు ముఖ్యం కాకపోతే వదిలెయ్యొచ్చని చెబుతాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. ఎవరికి ముఖ్యం కాదో చెప్పలేదు.

"అది అబద్ధం కన్నా మేలా?"

నా సంతకంతో ఒక ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. ఆ రాత నాది, విచారించకుండా రాశాను, బావి ప్రాచీనమైనది కాదు, తవ్వినవాడి మనవరాలు నాకు తెలుసు, ఊరిని ఎవరూ విడిచిపెట్టలేదు, పంపించేశారు, అక్కడున్నవి అలంకారపు రాళ్లు కావు, సమాధులు. అంతే. ఆ ఉత్తరంలో నాకు నచ్చిన వాక్యం ఒక్కటీ లేకుండా చూసుకున్నాను.

విచారణ రోజు నర్సింలు, సత్తెమ్మ, నేను రెవెన్యూ ఆఫీసు వరండాలో కూర్చున్నాం. నర్సింలు ఆటో నడుపుతాడు. రోజంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పేజీ రాసింది నేనని అతనికి తెలుసు. అతన్ని తప్పు పట్టలేను.

అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. నా పాత పేజీ, నా కొత్త ఉత్తరం.

"రెండూ రాసింది మీరేనా అమ్మా?"

"నేనేనండి."

"మొదటిది నిజమనుకునే రాశారా?"

"తెలుసుకోకుండా రాశానండి."

"అది అబద్ధం కన్నా మేలా?"

బిల్డర్ల వైపు వచ్చిన ఆయన నవ్వాడు. నాకు ముఖం చెల్లలేదు. "కాదండి. అందుకే వచ్చాను" అన్నాను. తరవాత కొలతల నోట్ అధికారి ముందు పెట్టాను. బిల్డర్ల మనిషి నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు తేలింది కొంచెమే. బోర్డు తియ్యాలి. సమాధుల్ని కదిలించకూడదు. వాటి దగ్గరికి కుటుంబాలను రానివ్వాలి. ఇళ్ల సంగతి వేరుగా కోర్టులో ఉంది, అది ఎప్పుడు తేలుతుందో నర్సింలుకీ తెలియదు. విచారణైన నెలకే సత్తెమ్మను మా భవనం నుంచి వేరే చోటికి మార్చారు. మామూలు మార్పే అని కాంట్రాక్టర్ అన్నాడు. నేను నమ్మను. రుజువు చెయ్యలేను.

బిల్డర్లు బోర్డు తీసి కొత్తది పెట్టారు. ‘హెరిటేజ్ వెల్’, అంతే. ఎవరు తవ్వారో ఒక్క లైను పెట్టండి, ఊరికే రాసిస్తానని అడిగాను. చోటు లేదన్నారు. పలక అంతకుముందు కన్నా పెద్దది.

ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. అబద్ధాన్ని తీయించగలరు, కష్టపడితే. తీసిన చోట నిజం పెట్టించడం దానికి పదింతల పని. మొదటిసారే సరిగ్గా రాయండి. మీరు మంచి ఊపు మీద ఉన్న రోజు ఇంకా జాగ్రత్తగా ఉండండి.

పెత్రమాస

రిటైరైన ఏడాది పెత్రమాసకి, అంటే పితృ అమావాస్యకి, సత్తెమ్మ ఫోన్ చేసింది. "వస్తవా మేడం?" అంది. అంతవరకూ నన్ను మీరనేది. వెళ్లాను.

గేటు దగ్గర యాదయ్యే ఉన్నాడు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు కానీ, లోపలికి ఎవరెళ్లినా రిజిస్టర్‌లో రాయాలట. సత్తెమ్మకి రాయడం రాదు. ఆమె చెబుతుంటే అతనే రాశాడు. సత్తెమ్మ చేతిలో స్టీలు డబ్బా, అందులో అన్నం, కూర, నూనె, వత్తులు.

"పేరు?"

"సత్తెమ్మ."

"ఏడికెల్లి వచ్చినవ్?"

"గుండ్లబాయి."

"గుండ్లబాయి ఏడుంది అక్కా?"

"నువ్వు నిలబడ్డ కాడ."

యాదయ్య ఒకసారి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. రాశాడు. ఇంకో గడి మిగిలింది.

"ఎవలను కలవాలె?"

"మా నాయనను."

అతను నా వైపు చూశాడు, ఏం రాయాలో చెప్పమన్నట్టు. నేను చెప్పలేదు. అతనే ఆ గడిలో ‘తండ్రి’ అని రాసి, లేచి వెళ్లి గేటు రెండు రెక్కలూ తీశాడు.